ఫోన్‌కు ఐపీ68 అడుగుతాం.. రిపేరై వచ్చిన బోరు మోటారుకు టెస్ట్ రిపోర్ట్ ఎందుకు అడగం?

కొత్త ఫోన్ లాంచ్ అయితే మనవాళ్ల ప్రశ్నలు ఎట్లుంటాయో తెలుసు కదా. ఐపీ68 ఉందా? బెంచ్‌మార్క్ స్కోర్ ఎంత? అరగంట గేమ్ ఆడితే ఎన్ని డిగ్రీలు వేడెక్కింది? పదిహేను వేల ఫోన్ అయినా సరే, నంబర్ చూడకుండా నమ్మం. మంచి అలవాటే. కానీ అదే మనం జగిత్యాలలోనో, కోరుట్లలోనో వైండింగ్ షాపు నుంచి బోరు మోటారు తెచ్చుకునేటప్పుడు మాత్రం ఒక్క నంబర్ కూడా అడగం. మెకానిక్ స్విచ్ వేస్తాడు, మోటారు తిరుగుతుంది, డబ్బులిచ్చి ట్రాలీలో వేసుకొని వస్తాం. సిరిసిల్లలో సాంచా మోటారుదీ ఇదే కథ.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఈ మూడు ఊళ్లకు కావాల్సింది ఇంకో మొబైల్ షోరూం కాదు, రిపేరైన మోటారును పరీక్షించి చిట్టీ రాసిచ్చే ఒక టెస్ట్ బెంచ్. దాన్ని నడపగలిగే కాలేజీలు మన పక్కనే ఉన్నాయి.

రిపేర్ తర్వాత రేటింగ్ ఏమవుతుంది?

ముందు మనకు తెలిసిన ఫోన్‌తోనే మొదలుపెడదాం. ఐపీ రేటింగ్ వెనక ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చివరి అంకె 7 అయితే మీటర్ లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచి చూస్తారు. 8 అయితే అంతకన్నా కఠినమైన పరీక్ష. ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే చెప్పాలి. అయితే ఈ పరీక్ష చేసేది కొత్త ఫోన్‌కు, ల్యాబ్‌లో, మంచినీళ్లలో. బయట డిస్‌ప్లే మార్పించామా, లోపలి గమ్ సీల్ పోయినట్టే. ఆ తర్వాత బాక్స్ మీద ఐపీ68 అని ఉన్నా దానికి గ్యారంటీ లేదు.

మోటారుకూ అచ్చం ఇంతే. బీఈఈ స్టార్ లేబుల్ ఫ్రిజ్‌కు, ఏసీకే కాదు, వ్యవసాయ పంపుసెట్లకూ ఉంది. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్లకు ఐఎస్ 8034 అనే భారతీయ ప్రమాణం కూడా ఉంది. అవన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త పంపుకు. మూడుసార్లు వైండింగ్ మార్చాక, వైర్ గేజ్ కొంచెం తేడా వచ్చాక, బుష్‌లు, ఇంపెల్లర్లు అరిగాక అది వేరే మెషీన్. దాని మీద ఉన్న స్టార్ల స్టిక్కర్ పాత జ్ఞాపకం మాత్రమే.

ఎఫిషియెన్సీ లెక్క ఇంత సులువు

పంపు టెస్టింగ్ అంటే రాకెట్ సైన్స్ ఏం కాదు. 200 లీటర్ల డ్రమ్ము 40 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే సెకనుకు 5 లీటర్లు. డెలివరీ వాల్వ్ తిప్పి, 50 మీటర్ల ఎత్తుకు సమానంగా, అంటే దాదాపు 5 బార్ ప్రెషర్ పెట్టాం. అప్పుడు నీళ్లకు అందిన పవర్ 5 × 9.81 × 50, అంటే సుమారు 2,450 వాట్లు. ఆ టైంలో మోటారు 5,000 వాట్లు లాగితే మొత్తం ఎఫిషియెన్సీ 49 శాతం. రిపేర్ తర్వాత అదే నీళ్లకు 6,500 వాట్లు లాగితే 38 శాతానికి పడిపోయినట్టు.

"కరెంటు ఫ్రీయే కదా, ఎంత లాగితే ఏంది?" అని మీ బాపు అడుగుతాడు. నిజమే, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తామన్నారు. కానీ వైండింగ్ ఫ్రీ కాదు. అదనంగా లాగిన ఆ 1,500 వాట్లు నీళ్లను పైకి తేవు, ఎక్కువ భాగం వేడి అవుతాయి. వేడెక్కిన ఫోన్ స్పీడ్ తగ్గించుకొని తనను తాను కాపాడుకుంటుంది. మోటారుకు ఆ తెలివి లేదు, ఇన్సులేషన్ కాలిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది. వరి పొట్ట దశలో ఉన్నప్పుడు మోటారు కాలి నాలుగు రోజులు నీళ్లు ఆగితే, నష్టం రిపేర్ బిల్లుతో పోదు.

జగిత్యాలకు టెస్టింగ్ కొత్తేం కాదు

జగిత్యాల సన్నాలు తినని ఇల్లు మన దగ్గర తక్కువ. ఆ వరి రకం అసలు పేరు జేజీఎల్ 1798. పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టింది. ఫోన్ మోడల్ నంబర్ లాగే ఉంది కదా? ఏళ్ల తరబడి మళ్లలో పరీక్షించి, దిగుబడి కొలిచి, ఆ తర్వాతే రైతుకు ఇచ్చారు. విత్తనానికి ఈ పద్ధతి జగిత్యాలలోనే ఉన్నప్పుడు, ఆ పొలానికి నీళ్లు పెట్టే మెషీన్‌కు ఎందుకు ఉండొద్దు?

పంపులు, వాల్వులు, వాటర్ మీటర్లు లాంటివి పరీక్షించడానికి దేశంలో పెద్ద సంస్థలే ఉన్నాయి. కేరళలోని పాలక్కాడ్‌లో కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పంపులకు పేరుపడ్డ కోయంబత్తూరులో సిటార్క్ ఉంది. కోయంబత్తూరు పంపులు ఊరికే ఫేమస్ కాలేదు. తయారుచేసేవాళ్ల పక్కనే కొలిచేవాళ్లూ ఉన్నారు. కానీ ఇవి కంపెనీల కోసం. కోరుట్ల రైతు ఒక్క మోటారు పట్టుకొని పాలక్కాడ్ పోతాడా?

నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ 2007 నుంచి ఉంది. 2021లో రాజన్న సిరిసిల్ల జిల్లాకూ జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. మెకానికల్ స్టూడెంట్లకు ఫ్లూయిడ్ మెకానిక్స్, హైడ్రాలిక్ మెషీన్స్ ల్యాబ్ సిలబస్‌లోనే ఉంటుంది. సెంట్రిఫ్యూగల్ పంపు మీద నేను పైన చెప్పిన లెక్కే చేసి రికార్డు రాస్తారు. ఏటా అదే పంపు, సీనియర్ రికార్డులో ఉన్నదే ఆన్సర్. వారానికి ఒక్క రోజు ఊళ్లోని మోటారును ఆ బెంచ్ మీదకు ఎక్కించండి. హైదరాబాద్‌లో రెడీమేడ్‌గా కొనుక్కొచ్చే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కన్నా అది వెయ్యి రెట్లు నయం.

సాంచాకు మొదటి మీటర్ మన ఫోనే

సిరిసిల్లలో సమస్య నీళ్లది కాదు, అదురుడుది, చప్పుడుది. మీటర్ల లెక్కన కూలి వచ్చే చోట సాంచా ఆగితే సంపాదన ఆగినట్టే. ఇక్కడ గ్యాడ్జెట్ పిచ్చోళ్లు ఇవాళే మొదలుపెట్టొచ్చు. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ చేసిన ఫైఫాక్స్ యాప్ ఫ్రీ. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్‌తో అదురును గ్రాఫ్‌గా గీస్తుంది. బాగున్న సాంచా గ్రాఫ్‌ను దాచి పెట్టుకొని, నెలనెలా అదే చోట ఫోన్ పెట్టి పోల్చండి. గ్రాఫ్ మారిందంటే ఏదో నట్టు వదులైందనో, బేరింగ్ పోతుందనో అనుమానించొచ్చు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, పాత ఫోన్ వాడండి. బైక్ ఇంజిన్ల లాంటి గట్టి అదురు కెమెరా ఓఐఎస్‌ను దెబ్బతీయొచ్చని 2021లో యాపిలే చెప్పింది. రెండు, ఫోన్ రీడింగ్ పోలికకే పనికొస్తుంది, సర్టిఫికెట్‌కు కాదు. ఫ్యాక్టరీ రూల్స్‌లో 8 గంటల పనికి చప్పుడు పరిమితి 90 డెసిబెల్స్. షెడ్డు ఆ గీత దాటిందో లేదో గట్టిగా చెప్పాలంటే క్యాలిబ్రేట్ చేసిన మీటర్ కావాలి. కాలేజీ ల్యాబ్ అవసరం అక్కడే.

మెకానిక్‌లు ఒప్పుకుంటారా?

వైండింగ్ మెకానిక్‌ల పొట్ట కొట్టే ఆలోచన ఇదని కొందరు అంటారు. నేనైతే ఉల్టా అంటా. మంచి రాగి వైర్, సరైన చుట్లు వేసేవాడికీ, చవకగా చుట్టేసేవాడికీ ఇవాళ తేడా తెలిసేది ఆరు నెలల తర్వాతే. చిట్టీ ఉంటే అదే రోజు తెలుస్తుంది, మంచి పనికి మంచి రేటు అడగొచ్చు. ఇక మోటారును బోరులోంచి తీయడం ఖర్చు కదా అంటారా? రిపేర్ కోసం ఎట్లాగూ పైకి తీసిందే. దించే ముందు ఒక్క పూట ఆగడమే.

బెంచ్ వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. ఈసారి బాపుతోనో, కాకతోనో షాపుకు పోతే మూడు నంబర్లు అడగండి. మెగ్గర్ పెడితే ఎన్ని మెగా ఓమ్స్ వచ్చింది? టంగ్ టెస్టర్‌తో మూడు ఫేజుల్లో ఆంప్స్ ఎంతెంత, సమానంగా ఉన్నాయా? బోరులో దించాక డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండింది? బిల్లు వెనక రాయించి ఫొటో తీసి పెట్టుకోండి. మోటారు మళ్లీ కాలినప్పుడు ఆ ఫొటో పక్కన కొత్త నంబర్లు పెట్టి చూడండి. మనం ఫోన్ రివ్యూల్లో చేసేదీ అదే కదా.