రాజీ నేర్పడం వేరు, శాంతి నేర్పడం వేరు

తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా నాంగునేరికి చెందిన, పన్నెండో తరగతి చదువుతున్న ఒక దళిత విద్యార్థి 2023 ఆగస్టులో కొన్నాళ్లు బడికి వెళ్లడం మానేశాడు. బాగా చదివే పిల్లవాడు ఎందుకు రావడం లేదని ఉపాధ్యాయులు ఆరా తీశారు. ఆధిపత్య కులానికి చెందిన తోటి విద్యార్థులు తనను వేధిస్తున్నారని, తమ పనులు చేయించుకుంటున్నారని అతడు చెప్పాడు. విషయం ఫిర్యాదుగా బడికి చేరింది. ఆగస్టు 9 రాత్రి కొందరు కొడవళ్లతో అతడి ఇంట్లోకి చొరబడ్డారు. అడ్డుపడిన చెల్లెలిని కూడా నరికారు. నిందితులు మైనర్లు. వారిలో అదే బడి పిల్లలున్నారు.

అదే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా నుంచి ఒక వీడియో బయటకు వచ్చింది. ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయురాలు కుర్చీలో కూర్చుని, ఏడేళ్ల ముస్లిం బాలుడిని చెంపదెబ్బలు కొట్టమని తోటి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచింది. వాళ్లు వచ్చి కొట్టి వెళ్లారు. ఈ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ న్యాయస్థానం దృష్టి దెబ్బలు తిన్న బాలుడి దగ్గరే ఆగలేదు. కొట్టిన పిల్లలకూ కౌన్సెలింగ్ ఇప్పించాలని చెప్పింది. అది సకాలంలో జరగనందుకు 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పుపట్టింది.

ఈ రెండు ఘటనలూ జరిగే నాటికి మన దేశంలో శాంతి విద్య గురించి కాగితం మీద లేనిదంటూ దాదాపు ఏమీ లేదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం శాంతి విద్యను ప్రత్యేకంగా ప్రస్తావించింది. దాని కోసం ఎన్‌సీఈఆర్‌టీ ఒక నిపుణుల బృందాన్ని వేసి అధ్యయన పత్రం కూడా ప్రచురించింది. శాంతిని విడి సబ్జెక్టుగా కాక, అన్ని పాఠాల్లోనూ బడి వాతావరణంలోనూ కలిసిపోయే దృక్పథంగా చూడాలన్నది అందులోని ప్రధాన ఆలోచన. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వం దలైలామా సమక్షంలో హ్యాపీనెస్ కరికులమ్ ప్రారంభించి, నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక పీరియడ్ కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది.

వీటిలో ఏదీ చెడ్డది కాదు. పిల్లలు కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటే మంచిదే, మంచి మాట విన్నా మంచిదే. కానీ వీటన్నిటిలో ఎక్కువ భాగం పిల్లవాడి మనసులోకి తొంగిచూసేవి. గొడవ మనసులో మొదలైనా నడిచేది బెంచీ మీద, నీళ్ల కుళాయి దగ్గర, బస్సులో, వాట్సాప్ గ్రూపులో. అక్కడ ఏం చేయాలో చెప్పే పాఠం మాత్రం తక్కువ.

బళ్లలో తగవు ఎలా తీరుతుందో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇద్దరు పిల్లలు కొట్టుకుంటారు. మాస్టారు ఇద్దరికీ చెరో దెబ్బ వేస్తారు, లేదా చేతులు కలిపించి, ఇంకోసారి ఇలా చేయొద్దని హెచ్చరించి పంపేస్తారు. ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారు, ఎన్నాళ్లుగా సాగుతోంది అని అడిగే తీరిక నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో ఉండదు. ఊరి పెద్దమనుషుల పంచాయితీలో నడిచే పద్ధతీ ఇదే. అక్కడ రాజీ అంటే చాలాసార్లు బలహీనుడు తన ఫిర్యాదును వెనక్కు తీసుకోవడమే. పిల్లలు ఆ పద్ధతిని బడికి రాకముందే ఇంట్లో, వీధిలో చూసి ఉంటారు. బడి కూడా అదే నేర్పితే, దెబ్బ తిన్నవాడికి అర్థమయ్యేది ఒకటే: చెప్పుకుంటే లాభం లేదు.

దీనికి భిన్నమైన పద్ధతి లేకపోలేదు. పిల్లలే మధ్యవర్తులుగా ఉండే విధానం చాలా దేశాల బళ్లలో దశాబ్దాలుగా నడుస్తోంది. పెద్ద తరగతుల పిల్లలు కొందరికి శిక్షణ ఇస్తారు. తగవు పడ్డ ఇద్దరూ వాళ్ల ముందు కూర్చుంటారు. ఒకరు మాట్లాడుతున్నంత సేపు రెండోవారు అడ్డురాకూడదు. ఆ తర్వాత రెండోవారు తాము విన్నది తిరిగి చెప్పాలి. చూడ్డానికి చిన్న సంగతే గానీ, కష్టమంతా ఇక్కడే. కోపంలో ఉన్నవాడు ఎదుటివాడి మాటను ఎదుటివాడు ఒప్పుకునేలా తిరిగి చెప్పడం పెద్దవాళ్లకే చేతకాదు. టీవీ చర్చలు చూసేవారికి ఈ మాట వివరించనక్కర్లేదు. చివరికి ఏం జరిగింది, ఎవరికి ఏం నష్టమైంది, దాన్ని ఎలా సరిచేయాలి అన్నది ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. బంతి, పెన్సిలు, సీటు, పుకారు, పేరు పెట్టి ఏడిపించడం లాంటి సమానుల మధ్య తగవుల్లో ఇది బాగా పనికొస్తుంది.

సమానుల మధ్య అన్న మాట దగ్గరే జాగ్రత్త అవసరం. నాంగునేరి ఇద్దరు విద్యార్థుల తగవు కాదు. ఒకవైపు కులం అండ ఉన్న గుంపు, మరోవైపు ఒంటరి పిల్లవాడు. అలాంటి చోట ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మీ మీ బాధలు చెప్పుకోండి అంటే, అది బాధితుడిని మరోసారి వేధించినవారి ముందు నిలబెట్టడమే. లైంగిక వేధింపుల్లోనూ అంతే. అక్కడ మధ్యవర్తిత్వం పనికిరాదు. పెద్దవాళ్లు రంగంలోకి దిగాలి, ఫిర్యాదు చేసిన పిల్లవాడి పేరు బయటకు పొక్కకూడదు, ఆ రాత్రి అతడి ఇంటి మీద ఒక కన్ను వేసి ఉంచాలి. శాంతి పాఠం చెప్పే బడికి ఈ రెండు రకాల గొడవల తేడా తెలియకపోతే ఆ పాఠమే ప్రమాదకరం కావచ్చు.

నాంగునేరి తర్వాత తమిళనాడు ప్రభుత్వం మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. ‘జై భీమ్’ సినిమాకు ఆధారమైన కేసును న్యాయవాదిగా వాదించిన చంద్రు ఈయనే. 2024 జూన్‌లో ఆయన ఇచ్చిన నివేదికలో ఉపన్యాసాల కంటే బడి దైనందిన ఏర్పాట్లకే పెద్ద పీట దక్కింది. బడి పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలి. కులాన్ని సూచించే రంగు రంగుల చేతి పట్టీలు, ఉంగరాలు, నుదుటి గుర్తులు ఉండకూడదు. పిల్లలను పేర్ల అక్షర క్రమంలో కూర్చోబెట్టాలి. ఒక ప్రాంతంలో బలమైన కులానికి చెందినవారిని అక్కడే ప్రధానోపాధ్యాయులుగా వేయకూడదు. పెద్ద బళ్లలో పిల్లల సంక్షేమం చూసే అధికారి ఉండాలి. ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా వారానికో నీతి తరగతి ఉండాలన్న సూచన కూడా ఉంది గానీ, అది జాబితాలో ఒకటి మాత్రమే.

నుదుటి గుర్తుల సూచన మీద బీజేపీ, హిందూ సంస్థల నేతలు అభ్యంతరం చెప్పారు. చర్చ అంతా అటు తిరిగింది. అక్షర క్రమంలో కూర్చోబెట్టడం గురించి ఎవరూ పెద్దగా గొంతు చించుకోలేదు. నిజానికి పిల్లల మీద ఎక్కువ ప్రభావం చూపేది అదే కావచ్చు. పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరితో అన్నం డబ్బా పంచుకుంటారు అన్నదాన్ని బట్టే రేపు ఎవరి తరఫున నోరు విప్పుతారన్నది ఉంటుంది.

ఈ విషయంలో శ్రీలంక అనుభవం చూడదగ్గది. ఆ దేశం అంతర్యుద్ధం ముగియకముందే, 2008లో సామాజిక సామరస్యం, శాంతి కోసం ప్రత్యేక విద్యా విధానం రూపొందించింది. కానీ అక్కడి బళ్లలో అత్యధికం సింహళ మాధ్యమం, తమిళ మాధ్యమం అని విడిపోయి ఉన్నాయి. సింహళ పిల్లవాడు, తమిళ పిల్లవాడు ఒకే బెంచీ మీద కూర్చుని ఒక పెన్సిలు కోసం గొడవపడే అవకాశమే తక్కువ. గొడవ పడనివాళ్లకు కలిసిపోవడం ఎలా నేర్పుతారు?

తెలుగు రాష్ట్రాల్లో మాధ్యమం గోడ అంత ఎత్తులో లేదు. వేరే గోడలున్నాయి. ఊళ్లో స్తోమత ఉన్నవారి పిల్లలు తెల్లవారగానే ప్రైవేటు బడి బస్సెక్కుతారు, లేనివారి పిల్లలు సర్కారు బడికి నడుస్తారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు వేలాది పేద పిల్లలకు మంచి చదువు ఇచ్చాయి, అందులో సందేహం లేదు. అయితే ఏ వర్గం పిల్లలు ఆ వర్గం బడిలోనే ఎక్కువగా పెరిగే ఏర్పాటు కూడా అవే. ఇంటర్‌కు వచ్చేసరికి కార్పొరేట్ కాలేజీల్లో మార్కులను బట్టి సెక్షన్లు. రోజంతా పక్కవాడిని ర్యాంకులో దాటడం నేర్పి, వారానికో గంట పక్కవాడిని ప్రేమించమని చెబితే పిల్లలు ఏది నమ్ముతారో ఊహించడం కష్టం కాదు.

ఖర్చు పెద్దగా లేని పనులూ ఉన్నాయి. తరగతిలో వారానికోసారి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఆ వారం గొడవలను మాట్లాడుకోవడం. ఉపాధ్యాయ శిక్షణలో తగవు వినే పద్ధతిని ఒక నైపుణ్యంగా నేర్పడం. చూస్తూ ఊరుకునే పిల్లల మీద దృష్టి పెట్టడం మరీ ముఖ్యం. ఏ తరగతిలోనైనా వేధించేవాళ్లు కొద్దిమంది, బాధితులు కొద్దిమంది, మిగతా అందరూ చూసేవాళ్లే. ముజఫర్‌నగర్ తరగతి గదిలో తన వంతు వచ్చినప్పుడు నేను కొట్టను టీచర్ అనగలిగే పిల్లవాడు ఒక్కడు కావలసింది. ఏడేళ్ల వయసులో ఆ మాట అనాలంటే, పెద్దవాళ్లకు కాదు అని చెప్పినా దెబ్బలు పడవన్న నమ్మకం అంతకుముందే కుదిరి ఉండాలి. పెద్దలకు ఎదురు చెప్పకపోవడమే మంచి నడవడికగా నేర్పే విలువల పుస్తకాల్లో దీనికి చోటు దొరకడం కష్టం.

నాంగునేరి విద్యార్థి కోలుకుని, 2024లో పన్నెండో తరగతి పరీక్షల్లో 600కు 469 మార్కులు తెచ్చుకున్నాడు. ముఖ్యమంత్రి పిలిచి అభినందించారు. అతడి కుటుంబం ఇప్పుడు నాంగునేరిలో లేదు.