వేకువ గంట ఎవరిది?

తెల్లవారుజామున నాలుగున్నరకే ఎల్బీనగర్ చౌరస్తా మేల్కొని ఉంటుంది. విజయవాడ, ఖమ్మం, నల్లగొండ వైపు నుంచి వచ్చే బస్సులు ప్రయాణికులను దింపుతుంటాయి. కూరగాయల బుట్టలతో రైతులు సరూర్‌నగర్ రైతుబజారు దారి పడతారు. దుకాణాల ముందు పాల ప్యాకెట్ల ట్రేలు, పేపర్ కట్టలు దిగుతాయి. కాసేపట్లో ఒక దిక్కున సుప్రభాతం, మరో దిక్కున అజాన్ వినిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి సందుల్లోని హాస్టళ్లలో అలారాలు మోగుతాయి. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు ఊళ్లు విడిచి వచ్చిన పిల్లలవి ఆ అలారాలు.

వేకువనే లేవడం ఇప్పుడు ఒక ఉద్యమంలా సాగుతోంది. రాబిన్ శర్మ 2018లో తెచ్చిన 'ది 5 ఏఎం క్లబ్' పుస్తకం చాలామందికి మంత్రమైంది. నాలుగింటికి లేచినవాడే విజేత, ఏడింటికి లేచినవాడు సోమరి అని చెప్పే వీడియోలకు కొదవలేదు. మన మందిరాల్లో కూడా ఇంకా చీకటి ఉండగానే యేసుప్రభువు లేచి ప్రార్థించాడన్న మాట (మార్కు 1:35) తరచూ వింటాం. వినవలసిందే. అయితే ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోకూడదు. దానికి ముందు సాయంత్రం ఏం జరిగిందో, ఆ తర్వాత ప్రభువు ఏ నిర్ణయం తీసుకున్నాడో కూడా చదవాలి.

ఆ ముందు రోజు కపెర్నహూములో విశ్రాంతి దినం. సమాజమందిరంలో బోధించాడు, అపవిత్రాత్మ పట్టినవాణ్ణి విడిపించాడు, సీమోను అత్త జ్వరాన్ని పోగొట్టాడు. పొద్దు గుంకాక పట్టణమంతా ఆ ఇంటి వాకిట్లో మూగింది. మర్నాడు వేకువనే ప్రభువు ఏకాంత స్థలానికి వెళ్లి ప్రార్థిస్తుంటే సీమోను వెతుక్కుంటూ వచ్చాడు. అందరూ నీ కోసం చూస్తున్నారన్నాడు. ఇవాళ్టి భాషలో అదొక గొప్ప అవకాశం. పేరొచ్చింది, జనం వచ్చారు, పని సిద్ధంగా ఉంది. కాని ప్రభువు వెనక్కి వెళ్లలేదు. పక్క ఊళ్లకు వెళదాం, నేను వచ్చింది అందుకేనన్నాడు. ఆ వేకువ ప్రార్థన ఆయనకు ఇచ్చింది మరిన్ని పనులు చేసే శక్తి మాత్రమే కాదు, ఆ రోజు ఏ పని తనది కాదో చెప్పగల స్పష్టత కూడా. వేకువ గంట విలువ అక్కడుంది.

మన యువతకు ఆ స్పష్టత ఎంతో అవసరం. హాస్టల్ గోడ మీద అంటించిన టైంటేబుల్ నాలుగింటికి మొదలై రాత్రి పదకొండున్నరకు ముగుస్తుంది. గ్రూప్-1, గ్రూప్-2, బ్యాంకు, రైల్వే అన్నీ అందులోనే. పక్క మంచం అబ్బాయి రాస్తున్నాడు కాబట్టి మనమూ రాయాలి! ఏ పరీక్ష నాది, ఏది కాదు అని నిమ్మళంగా ఆలోచించే పది నిమిషాలకు మాత్రం ఆ కాగితంలో చోటు లేదు.

పైగా ఎంత తెల్లవారుజామున లేచినా ఫలితం మన చేతిలో ఉండదు. తెలంగాణలో 2022 నాటి గ్రూప్-1 నోటిఫికేషన్‌లో 503 పోస్టులు ఉంటే సుమారు 3 లక్షల 80 వేల మంది దరఖాస్తు చేశారు. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకు వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిపిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్‌తో మూడోసారి రాయాల్సి వచ్చింది. ఆ పిల్లలు లేవక ఓడిపోలేదు. లేచారు, చదివారు, రాశారు. అయినా వారి తప్పు లేకుండానే ఏళ్లు కరిగిపోయాయి. 'క్రమశిక్షణ ఉంటే గెలుపు ఖాయం' అన్న బోధ అలాంటివాళ్లకు ఓదార్పు ఇవ్వలేదు, నిందను మాత్రమే మిగులుస్తుంది. మా దగ్గరికి వచ్చే యువకుల్లో కొందరు, నాలుగింటికి లేవలేకపోతున్నాం కాబట్టి దేవుడు మమ్మల్ని విడిచిపెట్టాడేమో అంటారు. వారికి మేము 127వ కీర్తన తెరిచి చూపిస్తాం. దేవుడు కట్టని ఇంటి కోసం వేకువనే లేచి, రాత్రి పొద్దుపోయే దాకా కష్టపడడం వ్యర్థమని కీర్తనకారుడు చెబుతాడు. తాను ప్రేమించేవారికి దేవుడు ఇచ్చే వరాల్లో నిద్రను కూడా చేరుస్తాడు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో దినాన్ని లెక్కించే తీరు చూడండి. అస్తమయం ముందు, ఉదయం తర్వాత. అంటే బైబిలు లెక్కలో దినం మన నిద్రతో మొదలవుతుంది. మనం కళ్లు మూసుకున్నప్పుడు కూడా దేవుడు పనిలో ఉంటాడు. మనం లేచేసరికి ఆయన మొదలుపెట్టిన రోజులోకి అడుగు పెడతాం. కాబట్టి మంచి వేకువ ముందు రాత్రే మొదలవ్వాలి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. పన్నెండింటి దాకా ఫోను చూసి నాలుగింటికి అలారం పెట్టుకోవడం భక్తి కాదు, శరీరాన్ని దోచుకోవడం. ప్రాణం విసిగి బదరీ చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి వచ్చి లేపినప్పుడే ప్రయాణం మాట ఎత్తాడు (1 రాజులు 19).

దశాబ్దాల పాటు నాలుగింటికే లేచిన జాన్ వెస్లీ కూడా నిద్రకు శత్రువు కాదు. రాత్రి మధ్యలో మెలకువ వస్తోంది కాబట్టి అవసరానికి మించి పడుకుంటున్నానేమో అనుకుని అలారం తెచ్చుకున్నాడు. మొదట ఏడింటికి, తర్వాత ఆరింటికి, ఐదింటికి, చివరికి నాలుగింటికి లేచి చూశాడు. రాత్రంతా నిద్ర పట్టిన చోట ఆగాడు. తన శరీరానికి ఎంత కావాలో తెలుసుకుని ఆ మేరకు పడుకున్నాడు. మనం అనుసరించాల్సింది ఆయన గడియారాన్ని కాదు, ఆ నిజాయితీని.

ఇంకో మాట కూడా చెప్పాలి. చాలా ఇళ్లలో అందరికన్నా ముందు లేచేది తల్లి. నీళ్లు పట్టి, టిఫిన్ చేసి, బాక్సులు సర్దేసరికి ఆమె వేకువ అయిపోతుంది. భర్త ధ్యానానికీ కొడుకు చదువుకూ దొరికే నిశ్శబ్దం ఆమె నిద్రలోంచి వచ్చిందే. సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతి చీకటితోనే లేస్తుందని మనం ఇష్టంగా బోధిస్తాం. పిల్లలు లేచి ఆమెను ధన్యురాలంటారని, భర్త పొగడుతాడని కూడా అక్కడే ఉంది. పొగడాలంటే ముందు లేవాలి కదా! లేచినవాళ్లు పొయ్యి వెలిగించి, ఆమెకు ఓ అరగంట ప్రార్థనకు విడిచిపెడితే ఆ పొగడ్తకు అర్థం ఉంటుంది. వేరొకరి విశ్రాంతిని ఖర్చుపెట్టి చేసే భక్తిలో ఏదో లోటున్నట్టే.

అలాగే రాత్రంతా డ్యూటీ చేసి మొదటి మెట్రోలో ఇల్లు చేరే నర్సులు, సెక్యూరిటీ గార్డులు మన మధ్యనే ఉన్నారు. మనం లేచే వేళకు వాళ్లు పడుకుంటారు. మధ్యాహ్నం రెండింటికి కళ్లు తెరిచి మొదటి మాట ప్రభువుతో మాట్లాడితే అదే వాళ్ల వేకువ. దేవుని కృప గడియారంలో ముల్లును చూసి రాదు.

లేవగలిగినవారు తప్పక లేవండి. కాని ఆ గంటను పనులతో నింపకండి. రాత్రి ఫోనును వేరే గదిలో పెట్టి త్వరగా పడుకోండి. లేచాక ఒక కీర్తన నెమ్మదిగా చదవండి. కాసేపు మౌనంగా ఉండండి. మీ కోసం కాక ఇంకొకరి కోసం పేరుపేరునా ప్రార్థించండి. వీలైతే సరూర్‌నగర్ చెరువు వైపో, విక్టోరియా మెమోరియల్ హోమ్ మైదానంలోనో కాసేపు నడవండి. తర్వాత ఆ రోజు పనులు కాగితం మీద రాసి, దేవుని సన్నిధిలో వాటిని చూసి, మీది కానిదాన్ని ఒక్కటైనా కొట్టేయండి. కపెర్నహూము వదిలి వెళ్లిన ప్రభువుకు అలా కొట్టేయడం తెలుసు. మిగిలిన పనులను ఆయన చేతికి అప్పగించి బయలుదేరితే, ఆ రోజు ఫలితం ఎలా ఉన్నా రాత్రికి నిశ్చింతగా నిద్రపోగలం.