గాదె నింపే చేతికి పట్టా

చిన్నరైతు కుటుంబాల్లో విత్తనం దాచేది, నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా స్త్రీలే. చాలా ఇళ్ళలో అందరికీ వడ్డించి, మిగిలింది తినేదీ వారే. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో స్త్రీల ఆధ్వర్యంలో సాగే కమతాలు నూటికి సుమారు 14 మాత్రమే.

“ఇల్లు ఒకటే కదా, పట్టా ఎవరి పేరిట ఉంటేనేం?” అనేవారున్నారు. కాని పట్టా లేనివారికి బ్యాంకు అప్పు పుట్టడం కష్టం. ఏ పంట వేయాలన్న విషయంలో వారి మాట చెల్లదు. ఆ మాట చెల్లితే ఏమవుతుందో తెలంగాణలోని జహీరాబాదు ప్రాంతపు మహిళా సంఘాలు చూపాయి. బీడు నేలల్లో జొన్న, కంది, కొర్ర కలిపి పండించి, విత్తనాలు తామే భద్రపరచుకున్నాయి. అలా కలిపి వేస్తే ఒక పైరు దెబ్బతిన్నా మరొకటి ఇంటికి చేరుతుంది.

2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ పిత్రార్జితంలో, వ్యవసాయ భూమితో సహా, కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. హక్కు చట్టంలో ఉంటే చాలదు. పట్టాలో ఆమె పేరు ఎక్కాలి. అప్పుడే గాదెలో గింజకు భరోసా.