నూటికి ఎందరు అని అడిగే ముందు...



పదో తరగతి ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ మన హైస్కూల్లో ఒక మాట వినిపిస్తుంది. "హాస్టలు పిల్లల వల్లే శాతం పడిపోయింది." ఈ మాట మేమూ విన్నాం, మా సీనియర్లూ విన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్లు ఉంటుందిది. ఈ వార్షికోత్సవ సంచికలో దీనికి జవాబు చెప్పదలచుకున్నాం. కోపంతో కాదు, లెక్కతో.

ముందుగా, జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివేది ఎవరో చూద్దాం. ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలు పొద్దున్నే ప్రైవేటు స్కూలు బస్సెక్కి వెళ్లిపోతారు. కొన్ని ఇళ్లలో కొడుకు బస్సెక్కుతాడు, కూతురు నడుచుకుంటూ సర్కారు బడికి వస్తుంది. గురుకులాలు ఐదో తరగతిలోనే ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటాయి. నవోదయ ఆరో తరగతిలో అదే పని చేస్తుంది. ఇన్ని జల్లెడలు పట్టాక మిగిలిన వారందరినీ చేర్చుకునేది మన బడి. కూలీల పిల్లలు, అమ్మానాన్నలు వలస పోతే అవ్వ దగ్గర పెరిగేవాళ్లు, ఇంట్లో అందరికన్నా ముందు పలక పట్టినవాళ్లు ఇక్కడికే వస్తారు. సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండే మేమూ ఇక్కడికే వస్తాం. ఎవరినీ కాదనకపోవడం ఈ బడి గొప్పతనం. ఏరుకుని చేర్చుకున్న బడి ఫలితాన్నీ, అందరినీ చేర్చుకున్న బడి ఫలితాన్నీ ఒకే తక్కెడలో తూచడం న్యాయమేనా?

ఇది మా ఊహ కాదు. మన నేల మీదే దీన్ని పరీక్షించి చూశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సర్కారు బడి పిల్లల్లో కొందరిని లాటరీ తీసి, ఫీజు కట్టి ప్రైవేటు బడికి పంపారు. లాటరీ తగలనివాళ్లు ఉన్నచోటే చదివారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్లినవాళ్లు బాగా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో హిందీ చెప్పకపోవడమే దానికి కారణం. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి. లాటరీకి ముందు ఆ ఊళ్లలోనే ప్రైవేటు బడి పిల్లల మార్కులు చాలా ఎక్కువగా ఉండేవి. అంటే బడుల మధ్య మనకు కనిపించే తేడాలో ఎక్కువ భాగం పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదేనన్నమాట.

అయితే అదే అధ్యయనం మరో మాట కూడా చెప్పింది. ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. తెలుగుకూ లెక్కలకూ వాళ్లు కేటాయించిన సమయం కూడా తక్కువే. మనకు నచ్చిన ముక్క పట్టుకుని ఈ ముక్క వదిలేస్తే మన వాదన నిలవదు. సర్కారు బడిలో జరగాల్సిన పని ఇంకా చాలా ఉంది.

ఇక శాతాల సంగతి. మన రాష్ట్రంలో టెన్త్ ఉత్తీర్ణత 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో దాదాపు ఇరవై పాయింట్లు పెరిగి, మరుసటి ఏడాది ఐదున్నర తగ్గింది. ఈ మధ్యలో బడులు మారాయా? టీచర్లందరూ మారారా? 2022లో పరీక్ష రాసిన పిల్లలు 2020 మార్చిలో కరోనాకు బడులు మూతపడేనాటికి ఎనిమిదో తరగతిలో ఉన్నారు. హాస్టళ్లు మూసి అందరినీ ఇళ్లకు పంపారు. పాఠాలు టీవీలోకీ ఫోన్లలోకీ వెళ్లిపోయాయి. ఫోను లేని ఇంటి పిల్లవాడు పొలం పనికి వెళ్లాడు. 2020లో, 2021లో పరీక్షలు రద్దై అందరూ పాసయ్యారు కాబట్టి ఆ నష్టం 2022 దాకా ఎవరి కంటా పడలేదు. పిల్లల ఇళ్లలో ఏం జరిగిందో తెలుసుకోకుండా ఒక్క శాతం చూసి బడి మంచిచెడ్డలు తేల్చలేమని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఉత్తీర్ణత శాతం లెక్కలోకి వచ్చేది పరీక్ష రాసినవాళ్లే. ఆరో తరగతిలో మనతో చేరి, ఎనిమిదిలో పత్తి చేనుకు వెళ్లిపోయిన మిత్రుడు ఆ లెక్కలో లేడు. తొమ్మిదిలో పెళ్లి చేసి పంపేసిన చెల్లెలూ లేదు. యాభై మంది చేరిన తరగతిలో ముప్పై మంది పరీక్ష రాసి ముప్పై మందీ పాసైతే నూటికి నూరు శాతం అంటాం. మిగతా ఇరవై మంది సంగతి ఎవరడుగుతారు? శాతం పెంచడానికి రెండు దారులున్నాయి. వెనుకబడినవాణ్ణి బయటికి పంపడం ఒకటి, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం రెండోది. రెండు దారుల్లోనూ వచ్చే అంకె ఒకటే. అందుకే హాస్టలు పిల్లల్ని బరువుగా చూసే మాట మాకు భయం కలిగిస్తుంది. ఆ మాట ముదిరితే మొదటి దారే సులువనిపిస్తుంది.

ఇలా అన్నామని "పేదపిల్లలు కదా, ఇంతకన్నా ఏం వస్తుంది" అని జాలిపడవద్దు. నిందకన్నా ఆ జాలి ఎక్కువ చేటు చేస్తుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్లు. వాళ్ల పట్టుదల ఎంత గొప్పదో, అంతకుముందు భువనగిరి కొండ మీదా, డార్జిలింగ్‌లోనూ, లడఖ్‌లోనూ ఇచ్చిన శిక్షణా అంత ముఖ్యమైనదే. మాలాంటి పిల్లల నుంచి శిఖరం ఆశించేవారు ముందు తాడు అందించాలి.

కాబట్టి మా కోరికలు ఇవి.

ఒకటి: ఫలితాలు ప్రకటించేటప్పుడు పాసైనవారి శాతంతో పాటు, ఆరో తరగతిలో ఎందరు చేరారు, వారిలో ఎందరు పదికి చేరారు అనేది కూడా ప్రకటించాలి.

రెండు: ఆరో తరగతిలో చేరిన రోజున ఎవరికి చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు ఎంత వచ్చో రాసిపెట్టాలి. ఏటా ఎంత ముందుకొచ్చారో చూడాలి. మార్కులు ముప్పై ఐదు దాటకపోయినా, అక్షరాలు కూడబలుక్కునే స్థితి నుంచి పాఠం చదివే స్థితికి తెచ్చిన టీచరు గెలిచినట్టే.

మూడు: పదో తరగతి చివర్లో పెట్టే స్పెషల్ క్లాసులు ఆరో తరగతి నుంచే ఉండాలి. హాస్టల్లో లెక్కలకూ, ఇంగ్లీషుకూ, సైన్సుకూ ట్యూటర్లు ఏడాది పొడవునా ఉండాలి.

నాలుగు: హెచ్.ఎం. గారూ, వార్డెన్ గారూ నెలకొకసారి కలిసి కూర్చుని, రాని పిల్లల పేర్లు చూడాలి. మా అమ్మానాన్నలు కూలి వదులుకుని మీటింగులకు రాలేరు. ఆ స్థానంలో పూర్వ విద్యార్థులైన అన్నలూ అక్కలూ వచ్చి కూర్చోవాలని మా మనవి. ఆదివారం రెండు గంటలు లెక్కలు చెప్పినా మాకదే పదివేలు.

మా వంతుగా మేం చేయగలిగిందీ ఉంది. స్టడీ అవర్లో తొమ్మిది, పది తరగతుల వాళ్లం ఒక్కొక్కరం ఒక చిన్న తరగతి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తాం. సెలవులకు వెళ్లి తిరిగి రానివాడి ఇంటికి మేమే వెళ్లి పిలుచుకొస్తాం. వచ్చే ఏడాది మా శాతం ఎంతైనా కానివ్వండి, మాతో చేరినవాళ్లంతా మాతోపాటు పరీక్ష హాల్లో ఉండాలన్నదే మా పట్టుదల.