పంచింగ్ బ్యాగులో ఇసుక వద్దు, పాత బట్టలు చాలు

ఇంటర్మీడియెట్ పబ్లిక్ పరీక్షలకు పదిరోజుల ముందు ఒక పిల్లవాడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకొని మా ఓ.పి.కి వచ్చాడు. చిటికెనవేలి మొదట్లో బాగా వాచింది. పిడికిలి పట్టమంటే అక్కడి కణుపు లోపలికి కుంగిపోయి కనబడలేదు. "ఎక్కడ పడ్డావు నాయనా?" అంటే పడలేదన్నాడు. ఎవరినైనా కొట్టావా అంటే కొట్టలేదన్నాడు. పక్కనున్న వాళ్ళమ్మ ఉండబట్టలేక, "గోనెసంచిలో ఏటి ఇసుక నింపి యాపచెట్టుకు యాలాడదీసినాడు సార్, పొద్దు లేస్తానే దాన్ని గుద్దతాండాడు" అని బయటపెట్టింది.

ఎక్స్‌రే తీస్తే చిటికెనవేలి వెనుక ఉండే అరచేతి ఎముక మెడ దగ్గర విరిగి ఉంది. దీనికి వైద్యంలో ఉన్న పేరే బాక్సర్స్ ఫ్రాక్చర్. పేరు బాక్సర్లది గానీ, పద్ధతిగా నేర్చుకున్న బాక్సరు కంటే కోపంలో గోడను గుద్దినవారికీ, గట్టి మూటను గుద్దిన కొత్తవారికే ఇది ఎక్కువగా వస్తుంది. నాలుగు వారాలు కట్టు వేశాం. పరీక్షలు మరొకరిని పక్కన కూర్చోబెట్టుకొని, తాను చెబుతూ వారిచేత రాయించాడు. రెండేళ్ళు చదివిన చదువు అలా రాయవలసి రావడం ఎంత బాధో ఆ తల్లి ముఖంలో చూశాను.

ఆ సంగతి తెలిసిన పెద్దలు కొందరు, "ఈ గుద్దులాటలు మనకెందుకు, ఆ మూట కోసి పారేయండి" అన్నారు. నేను ఒప్పుకోను. తప్పు గుద్దడంలో లేదు, మూటలో ఉంది. ఇంట్లో పది నిముషాలు పంచింగ్ బ్యాగు మీద సాధన చేస్తే భుజాలు, నడుము, కాళ్ళు, ఊపిరి అన్నీ పనిచేస్తాయి. రోడ్డు మీద పరుగెత్తడానికి మొహమాటపడే ఆడపిల్లలకు ఇంటి వెనుక దొడ్డిలో ఇంతకంటే మంచి వ్యాయామం లేదు. ఆడపిల్లకు బాక్సింగ్ ఏమిటని నవ్వేవారు నిజామాబాదు నిఖత్ జరీన్‌ను గుర్తుచేసుకోవాలి. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచింది. ఆమె చిన్నతనంలో కూడా చుట్టుపక్కలవారు ఇవే మాటలు అన్నారు. తండ్రి వినలేదు, అంతే.

ఇక మూట సంగతి. మన వైపు పిల్లలు మొదట చేసే పని చెయ్యేటి ఇసుక నింపడం. డబ్బు ఖర్చు లేదు, బరువుగా ఉంటుంది, సినిమాలో చూసినట్లుంటుంది. కానీ ఒక లెక్క చూడండి. అడుగు వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న బ్యాగులో సుమారు 64 లీటర్లు పడుతుంది. పొడి ఇసుక లీటరు కిలోన్నరకు పైనే తూగుతుంది. అంటే నిండా పోస్తే దాదాపు 100 కిలోలు! గుద్దేవాడి బరువు 55. బ్యాగు బరువు మనిషి బరువులో సగం ఉంటే చాలు అన్నది బాక్సింగ్ నేర్పేవారి పాత లెక్క. అదే బ్యాగులో పాత బట్టలు గట్టిగా కూరితే 25 నుండి 30 కిలోలు వస్తుంది. లెక్క సరిగ్గా సరిపోయింది కదా.

బరువొక్కటే కాదు. ఇసుక మొదటిరోజు మెత్తగానే అనిపిస్తుంది. గుద్దేకొద్దీ రేణువులు సర్దుకొని అడుగుకు దిగుతాయి. నెల తిరిగేసరికి పైన ఖాళీ సంచి, కింద బండరాయి. కొట్టిన దెబ్బను బట్ట లోపలికి తీసుకుంటుంది, ఇసుక తీసుకోదు, తిరిగి మన మణికట్టుకే పంపిస్తుంది. మంగంపేట ముగ్గురాయి పొడి నింపుకున్నామని చెప్పినవారు కూడా ఉన్నారు. అది ఇసుకకంటే బరువైన ఖనిజం, దాని మాటే తలపెట్టవద్దు. వరిపొట్టు, శెనక్కాయ పొట్టు తేలికే గానీ నలిగి దుమ్మవుతాయి. తేమ తగిలితే బూజు పడతాయి, ఎలుకలు సరేసరి. రంపపుపొట్టూ అంతే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే ఈ మూడూ వద్దు. బూరుగు దూది ఒక్కటే నింపితే నాలుగురోజుల్లో దిండులా అణిగిపోతుంది.

కాబట్టి పాత చీరలు, పంచెలు, లుంగీలు, చిరిగిన దుప్పట్లు. ముందుగా గుండీలు, హుక్కులు, జిప్పులు, బెల్టు బకిల్సు అన్నీ కోసి తీసేయాలి. ఒక్క జిప్పు మిగిలినా బ్యాగు తోలు చీల్చుకొని వేలికి తగులుతుంది. బట్టలను ఉతికి, ఎండలో బాగా ఆరనిచ్చి, జానెడు వెడల్పు పేలికలుగా చించుకోవాలి. మన ఎండకు ఒకరోజు చాలు. అడుగున ఒక దుప్పటి మడిచి పరవండి. తర్వాత బ్యాగు గోడల వెంబడి పెద్ద గుడ్డలు చుట్టూ నిలబెట్టి, నడుమ పేలికలు వేయండి. నాలుగు వేళ్ళ మందం వేసినప్పుడల్లా రోకలితో దంచాలి. ఇది ఒకరివల్ల కాదు, ఒకరు బ్యాగు నిటారుగా పట్టుకోవాలి, ఇంకొకరు దంచాలి. దంచకుండా నింపితే మధ్యలో గుంటలు పడి చేయి లోపలికి పోయి మణికట్టు మెలిపడుతుంది. నిండిన తర్వాత రెండురోజులు వేలాడదీసి ఉంచితే జానెడు కుంగుతుంది. మళ్ళీ నింపండి. నెలకొకసారి ఈ పని తప్పదు.

బ్యాగు కొనాలంటే కడపలో స్పోర్ట్స్ దుకాణాల్లో ఖాళీ బ్యాగులు కూడా అమ్ముతారు. కొనేముందు రంగు చూడవద్దు, పట్టీలు చూడండి. పై పట్టీలు బ్యాగు అంచుకు మాత్రమే కుట్టారా, లేక పక్కల వెంట కిందిదాకా దించి కుట్టారా? రెండో రకమే నిలుస్తుంది. కొనలేనివారు ఆటో సీటు కవర్లు కుట్టేవారి దగ్గరకు వెళ్ళండి. మందపాటి రెక్సిన్‌తో, లోపల క్యాన్వాసు వేసి, నైలాన్ దారంతో రెండు వరుసలు కుట్టిస్తే దుకాణం సరుకుకు తీసిపోదు. గోనెసంచి వద్దు, చర్మం గీరుకుపోతుంది.

వేలాడదీయడం గురించి గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళలో బండల మిద్దెలు చాలా ఉన్నాయి. ఆ బండ పైన పడ్డ బరువు మోస్తుంది గానీ, దానికి రంధ్రం చేసి కిందికి గుంజితే పగులుతుంది. ఊగే బ్యాగు ప్రతి దెబ్బకూ గుంజుతూనే ఉంటుంది. కింద నిలబడేది మీ బిడ్డే. బండకు ఎట్టి పరిస్థితిలోనూ కొక్కెం వేయవద్దు. దూలానికి కట్టాలన్నా చెదపురుగు లేదని చూసుకోవాలి. స్లాబు ఇంట్లో ఫ్యాను కొక్కేనికి తగిలించడం కూడా తప్పే. అన్నిటికంటే వేపచెట్టు బలమైన కొమ్మ మంచిది. కొమ్మకు పాత టైరు ముక్క చుట్టి, దానిమీద ఇనుప గొలుసు వేయండి. నైలాన్ తాడు ఒరిపిడికి తెగుతుంది. మునగకొమ్మకు కట్టిన మహానుభావుణ్ణి కూడా చూశాను, ఆయనకు తలమీద మూడు కుట్లు పడ్డాయి.

చేతులకు గ్లౌజులు లేకుండా బ్యాగు ముట్టవద్దు. గ్లౌజుల లోపల రెండంగుళాల వెడల్పు నూలు పట్టీ, నాలుగు మీటర్ల పొడవుది, మణికట్టుకు మూడు చుట్లు, కణుపులకు మూడు చుట్లు చుట్టాలి. పాత పంచె చించినా సరిపోతుంది. పిడికిలిలో బొటనవేలు బయట ఉండాలి. చూపుడువేలు, నడిమివేలు కణుపులతో దెబ్బ తగలాలి, చిటికెనవేలి వైపు తగలకూడదు. మొదటి రెండు వారాలు సగం బలంతోనే. ఎండాకాలంలో ఏడు గంటలలోపే ముగించి నీళ్ళు తాగాలి.

షుగరు వ్యాధితో కంటిలోపలి నరాలు దెబ్బతిన్నవారు, ఈమధ్య కంటి ఆపరేషన్ అయినవారు, బి.పి. అదుపులో లేనివారు, నడిస్తే గుండెల్లో పట్టేసినట్లుండేవారు డాక్టరును అడగకుండా బ్యాగు జోలికి పోవద్దు. బలంగా ముక్కి గుద్దితే బలహీనపడ్డ కంటి నరాలు చిట్లి రక్తం కారవచ్చు. మామూలు నడక వారికి చాలు.

ఆ పిల్లవాడు కట్టు విప్పించుకున్నాక నెలన్నర చేతి వ్యాయామాలకు వచ్చాడు. ఇసుక గోతాం విప్పి వాళ్ళ దొడ్లో పోసేశారట. ఇప్పుడు రెక్సిన్ బ్యాగు కుట్టించుకున్నాడు, వాళ్ళమ్మ పాత చీరలన్నీ అందులోకే పోయాయి. మొన్న వచ్చి, బ్యాగు జానెడు కుంగింది సార్, పాత బట్టలేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఇంట్లో రెండు దుప్పట్లుంటే ఇచ్చి పంపాను.