చేతిపనికి చదువులో చోటు

విద్యకు జ్ఞానార్జనయే పరమార్థమని కొందరు, జీవనోపాధియే ముఖ్యమని మరికొందరు వాదిస్తూ వచ్చారు. పదవ తరగతి ఉత్తీర్ణుడై ఇంటర్మీడియట్ గుమ్మంలో నిలిచిన పేద విద్యార్థికి మాత్రం ఈ రెండూ వేరు ప్రశ్నలు కావు. చదువు మానితే భవిష్యత్తు లేదు; సంపాదన వాయిదా వేస్తే ఇల్లు గడవదు. ఈ సంకటానికి వృత్తివిద్య ఒక సమాధానమని నా అభిప్రాయం.

ఈ ఆలోచన కొత్తది కాదు. హైదరాబాదులో 1897లో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్, 1937 వార్ధా సమావేశం నియమించిన సంఘానికి అధ్యక్షులై, చేతివృత్తి కేంద్రంగా బాలల విద్యకు ప్రణాళిక రచించారు. కొఠారీ కమిషన్ (1964–66) ఉన్నత మాధ్యమిక దశలో వృత్తివిద్యకు పెద్దపీట వేయాలన్నది. 1986 జాతీయ విద్యావిధానం ఆ దశ విద్యార్థులలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తికోర్సులలో ఉండాలని లక్ష్యం పెట్టుకొని, 1992లో ఆ గడువులను 1995కు, 2000కు జరుపుకొన్నది. పన్నెండవ పంచవర్ష ప్రణాళిక (2012–17) అంచనా ప్రకారం, 19–24 ఏండ్ల శ్రామికులలో క్రమబద్ధమైన వృత్తివిద్య పొందినవారు మన దేశంలో 5 శాతం లోపే. జర్మనీలో 75, దక్షిణ కొరియాలో 96 శాతం.

లోపం ఎక్కడ ఉన్నది? కోర్సులు లేకపోలేదు. ఎలక్ట్రికల్ టెక్నీషియన్, మెడికల్ లాబ్ టెక్నీషియన్ వంటి రెండేండ్ల కోర్సులు ఇంటర్మీడియట్‌లోనే ఉన్నాయి. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఈ విద్యార్థులకూ శిక్షణావకాశం కల్పించారు. బ్రిడ్జి కోర్సు వ్రాసి పై చదువులకు పోవచ్చు. లోపం మన దృష్టిలో ఉన్నది. మార్కులు తక్కువ వచ్చినవానికే వృత్తివిద్య అనే భావన ఆ కోర్సునూ, ఆ విద్యార్థినీ ఒకేసారి అవమానిస్తున్నది.

మన పెద్దల నుండి ఒక బలమైన ఆక్షేపణ వినబడుతున్నది. "తరతరాలుగా మనవాళ్ళు మెకానిక్ షెడ్లలో, దర్జీ దుకాణాలలో, జర్దోసీ కార్ఖానాలలోనే ఉన్నారు. ఆ బ్రతుకు తప్పించడానికే గదా కళాశాల పెట్టుకొన్నాం? మళ్ళీ పిల్లలను అక్కడికే పంపుతారా?" ఈ ఆవేదన న్యాయమైనది, తోసిపుచ్చదగినది కాదు. పేదవాని బిడ్డకు పనిముట్లు, ధనికుని బిడ్డకు పుస్తకాలు అని విభజించేదైతే అటువంటి వృత్తివిద్య మనకు వద్దు.

కాని ఉస్తాదు వద్ద షాగిర్దుగా చేరి నేర్చిన పనికీ, శాస్త్రసహితంగా నేర్చిన పనికీ భేదమున్నది. బిద్రీ పాత్రనే తీసుకోండి. జింకు, రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి పూస్తే లోహం నల్లబడుతుంది. వెండి మెరుస్తూ నిలుస్తుంది. కారీగరుకు ఆ పని చేయడం తెలుసు; రసాయనశాస్త్ర విద్యార్థికి దాని కారణం తెలుసు. వీరిద్దరూ ఒకరినొకరు ఎరుగరు. ఇద్దరి విద్యా ఒకే మనిషిలో కలిసిననాడు అతడు కూలికి లొంగడు. తన పనికి తానే ధర చెప్పగలడు. పనివానికి ధ్రువపత్రం, లెక్కలు వ్రాసే నేర్పు, పై చదువుకు దారి ఉంటే అది పాత బ్రతుకు కాదు.

కావున కళాశాల కమిటీ వారికి నా విన్నపం: ఒకటి రెండు వృత్తికోర్సులతోనైనా ఆరంభించండి. వాటిని బాలికలకు సమానంగా తెరవండి. మార్కులను బట్టిగాక అభిరుచిని బట్టి ప్రవేశమివ్వండి. అనుభవజ్ఞులైన కారీగర్లను బోధకులుగా ఆహ్వానించండి. సాంకేతిక పదాలను ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ వివరించే చిన్న పుస్తకాలు సిద్ధం చేయించండి. బ్రిడ్జి కోర్సు బోధనను మాత్రం మరువకండి. ఆ తలుపు మూస్తే పెద్దల భయమే నిజమవుతుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) ఇనుప కవచాలు చేసేవారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతున్నది. ప్రవక్తకు తగిన పని మనకు తక్కువ కాజాలదు. చేతికి నేర్పు, బుద్ధికి వెలుగు రెండూ కోరండి. ఒకదానికై రెండవదాన్ని వదలుకోమని చెప్పే విద్యను అంగీకరించకండి.