చూడని మృగానికి చప్పట్లా?

పునర్వికాస యుగపు జంతువుల, మొక్కల బొమ్మల మాటెత్తితే చాలు, డ్యూరర్ ఖడ్గమృగాన్నే ఆకాశానికెత్తుతారు. ఇక్కడే నాకు పేచీ. 1515లో గుజరాత్ సుల్తాను కానుకగా ఇచ్చిన ఆ మృగం లిస్బన్ చేరింది. నూరెంబర్గ్‌లోని డ్యూరర్ దాన్ని చూడనేలేదు. ఎవరో పంపిన ఉత్తరం, కచ్చా బొమ్మ ఆధారంగా గీసి, మెడ వెనుక లేని కొమ్ము మొలిపించాడు. 1551లో గెస్నర్ జంతు గ్రంథం కూడా ఆ కొమ్మును అచ్చేసింది. ఓచరు లేని పద్దును మా బ్యాంకులో ఎవరూ పాస్ చేయరు. ఐరోపా రెండు శతాబ్దాలు పాస్ చేసింది!

చూసి గీసినవాడూ ఉన్నాడు. 1530లో బ్రన్‌ఫెల్స్ మూలికల గ్రంథానికి హాన్స్ వైడిట్జ్ ఎదుటి మొక్కనే గీశాడు, వాడిన ఆకు, విరిగిన కాడతో సహా. ఆయన పేరు ఎందరికి తెలుసు? డ్యూరర్ చేతికి దండం పెడదాం. సాక్ష్యానికి మాత్రం వైడిట్జ్‌నే పిలుద్దాం.